ఆర్టిచోక్ తింటే రాళ్ళు కరుగుతాయా?

కూతురి పురిటికని అమెరికా వెళ్ళిన ఒక తల్లి దగ్గరనుంచి ఈమధ్య నాకొక ఉత్తరం వచ్చింది. ఆమెకు 58 సంవత్సరాలు. సొంత ఊరు రాజమండ్రి వైపు. ప్రస్తుతం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నారు. ఇక్కడినుంచి బయలుదేరకముందు రెండుసార్లు కుడివైపు, పక్కటెముకల కింద, నొప్పి వచ్చిందట. ఒకసారి పెళ్ళిభోజనం చేసిన రాత్రి, రెండోసారి ఇంట్లో బూరెలు వండుకున్న రోజున. స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో రాళ్ళు కనిపించాయి. ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టరుగారు. "అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఇప్పుడు నేను మంచం ఎక్కితే ఎలా? తిరిగొచ్చాక చూద్దాం లెండి" అని ఈమె విమానం ఎక్కేశారు.

అక్కడ పరిచయమైన ఒక తెలుగావిడ ఈ సంగతి విని, "పిన్నిగారూ, కత్తి పెట్టించుకోకండి. ఆర్టిచోక్ క్యాప్సూల్స్ మూడు నెలలు మింగండి, రాళ్ళు కరిగిపోతాయి" అని సీసా కూడా కొనిపెట్టిందట. కూతురేమో అదే పేరుగల కూరగాయను వారానికి రెండుసార్లు ఉడకబెట్టి పెడుతోంది. "ఈ కాయ నిజంగా అంత మంచిదా? ఈ క్యాప్సూల్స్ వేసుకోవచ్చునా? మన దేశంలో ఇలాంటిది ఏదైనా ఉన్నదా? మా అమ్మాయి బాలింతరాలు, తనూ తినవచ్చునా? అసలు దీన్ని మన పద్ధతిలో వండుకోవటం ఎలా?" అని ఆమె ప్రశ్నలు.

ఆమెకు విడిగా వెంటనే జవాబు వ్రాసేశాను. వారపత్రికలో అచ్చయ్యేదాకా ఆగవలసిన విషయం కాదది. అయితే కొడుకుల దగ్గరకూ కూతుళ్ళ దగ్గరకూ విదేశాలు వెళ్ళివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ సీసాలు వారి పెట్టెల్లో మన ఊళ్ళకూ వస్తున్నాయి. అందుకని ఈ వారం దీన్ని గురించే చెప్పుకుందాం.

ముందుగా, అది కాయ కాదు. పువ్వు. సరిగా చెప్పాలంటే విచ్చుకోని మొగ్గ. తాండూరు, వికారాబాదు వైపు నల్లరేగడి చేలలో శీతకాలంలో వేసే కుసుమ మొక్కను చూచినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కుసుమ మొగ్గ చుట్టూ ముళ్ళతో రేకలు ఎలా అమరి ఉంటాయో, అలాంటి మొగ్గే పిడికిలి కంటె పెద్దదిగా, ఆకుపచ్చగా ఉంటుందనుకోండి, అదే ఆర్టిచోక్. రెండూ ఒకే కుటుంబం. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కూడా ఆ కుటుంబంలోవే. కోయకుండా వదిలేస్తే ఊదారంగు పువ్వు పూస్తుంది, అప్పుడిక తినటానికి పనికిరాదు.

దీని పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. ఇటలీ, స్పెయిన్, ఈజిప్టు దేశాలలో విస్తారంగా పండిస్తారు. రోము నగరంలో మనకు గుత్తివంకాయ ఎలాగో వారికి ఇది అలాగ. పుదీనా, వెల్లుల్లి కూరి నూనెతో మగ్గబెట్టేది ఒక పద్ధతి. అక్కడి యూదులు మొత్తం మొగ్గను నూనెలో వేయించి పువ్వులా విప్పి పెట్టేది ఇంకొక పద్ధతి. అమెరికాలో ఈ పంటకు పేరుపడ్డ ఊరు కాస్ట్రోవిల్. మన ఉత్తరం తల్లి ఉంటున్న శాన్ హోసేనుంచి కారులో గంటకు కాస్త పైన. అక్కడి సముద్రపు పొగమంచు, చల్లగాలి దీనికి బాగా పడతాయి. మన రోహిణి ఎండలు పడవు. అందుకే మన పట్టణాలలో పెద్ద దుకాణాలలో ఎక్కడైనా కనిపించినా డబ్బాలలోనో సీసాలలోనో కనిపిస్తుంది, అదీ ఖరీదుగా.

దీన్ని తినటం ఒక విద్య. నేను మొదటిసారి ఒక మిత్రుడి ఇంట్లో కాలిఫోర్నియాలోనే తిన్నాను. పళ్ళెంలో ఉడికిన మొగ్గ, పక్కన చిన్న గిన్నెలో కరిగిన వెన్న పెట్టారు. నేను ఒక రేక లాగి మొత్తం నోట్లో పెట్టుకుని నమలటం మొదలుపెట్టాను. ఎంత నమిలినా పీచే! ఆ ఇంటి చిన్నపిల్ల నవ్వి నాకు నేర్పింది. రేక అడుగుభాగాన కాస్త కండ ఉంటుంది. దాన్ని పళ్ళతో గీరుకుని, మిగిలింది పక్కన పడేయాలి, మునక్కాయ తిన్నట్టే. రేకలన్నీ అయ్యాక లోపల దూదిలాంటి నూగు వస్తుంది. అది గొంతుకు అడ్డం పడుతుంది, చెంచాతో గీరి తీసేయాలి. దాని కింద ఉండే మెత్తని దిమ్మే అసలు రుచి. కట్టుడుపళ్ళు ఉన్న పెద్దలు రేకల జోలికి పోకుండా ఆ దిమ్మ ఒక్కటే తినటం మంచిది.

ఇక గుణాల సంగతి. ఉడికించిన మొగ్గలో తినదగిన భాగం 120 గ్రాములు తీసుకుంటే, 60 పైచిలుకు కేలరీలు, 7 గ్రాముల పీచు, మూడున్నర గ్రాముల మాంసకృత్తులు, 340 మిల్లీగ్రాముల పొటాషియం, 50 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 100 మైక్రోగ్రాముల ఫోలేట్ ఇంచుమించుగా ఉంటాయి. వీటిలో గట్టిగా చెప్పుకోవలసింది పీచు. మనం తినే తెల్లన్నం 100 గ్రాములలో పీచు అర గ్రాము కూడా ఉండదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం తిని, మలబద్ధకానికి మందు అడిగే మనవాళ్ళకు ఇలాంటి కూర ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కడుపు నిండినట్టుంటుంది, కేలరీలు తక్కువ. బరువు తగ్గవలసినవారికి, చక్కెర జబ్బు ఉన్నవారికి నిస్సందేహంగా మంచి కూర.

ఈ పీచులో ఒక భాగం పేరు ఇన్యులిన్. పేరు జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ కాదు సుమా! ఒకాయన ఇలాగే ఒక్క అక్షరం తేడాగా చదువుకుని, "ఈ కూరలో ఇన్సులిన్ ఉన్నదట గదా, సూది మానేయవచ్చునా?" అని నన్ను అడిగాడు. ఇన్యులిన్ అనేది మన పేగులలో అరగని ఒక రకం పిండిపదార్థం. అది పెద్దపేగులో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం అవుతుంది. అవి దాన్ని తినేటప్పుడు వాయువు పుడుతుంది. కాబట్టి అలవాటు లేనివారు మొదటిరోజే రెండు మొగ్గలు లాగిస్తే ఆ రాత్రి కడుపు ఉబ్బరంతో నిద్ర ఉండదు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. ఇన్యులిన్ కోసమే అయితే అమెరికా పోనక్కరలేదు, మన ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ ఉన్నది.

బాలింతరాలైన అమ్మాయి ఈ కూర నిరభ్యంతరంగా తినవచ్చు. ఫోలేట్, పీచు రెండూ ఆమెకు మంచివే. ఆకు సారంతో చేసిన క్యాప్సూల్స్ మాత్రం గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. వారికి అది నిరపాయమని తేల్చే పరీక్షలు జరగలేదు. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు కూరను కూడా అడిగి తినాలి. డబ్బాలో ఉప్పునీటిలో వచ్చేదాన్ని బాగా కడిగి వాడాలి, రక్తపుపోటు ఉన్నవారు మరీను. సీసాలో నూనెలో ఊరేసినది దాదాపు ఊరగాయతో సమానం. పైన చెప్పిన 60 కేలరీల లెక్క దానికి వర్తించదు. చామంతి, బంతి పువ్వులు ముట్టుకుంటే ఒంటిమీద దద్దుర్లు వచ్చేవారికి ఈ కుటుంబపు మొక్క కూడా పడకపోవచ్చు.

ఇంతవరకు కూర సంగతి. క్యాప్సూల్ సంగతి వేరు. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మనం తినేది మొగ్గ. క్యాప్సూల్‌లో ఉండేది మొక్కకు ఉండే పెద్ద పెద్ద ఆకుల సారం. ఆ ఆకులు చేదు. ఆకుకు లివరుతో సంబంధం కట్టటం యూరప్‌లో పాత అలవాటే. మనవాళ్ళు చేదన్నది పైత్యానికి మంచిదన్నట్టుగానే. 1954లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఈ మొక్కనుంచి సైనరిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. సైనరిన్‌లో ఒక వింత ఉన్నది. ఆర్టిచోక్ తిన్నాక మంచినీళ్ళు తాగితే కొందరికి ఉసిరికాయ తిన్నట్టే తియ్యగా ఉంటాయి. దీన్ని 1972లో అమెరికాలో పరీక్షలు చేసి మరీ చూపించారు.

ఇటలీవారు 1952నుంచి దీని ఆకులు వేసి ఒక మద్యం కూడా అమ్ముతున్నారు. లివరుకు మేలని పేరున్న ఆకును లివరుకు చేటు చేసే సారాలో కలపటం ఏమి తెలివో నాకు తెలియదు.

ఆకు సారంవల్ల లివరునుంచి పైత్యరసం కాస్త ఎక్కువగా ప్రవహిస్తుందని పరీక్షలలో కనిపించింది. తిన్నది అరగక పొట్ట బరువుగా, ఉబ్బరంగా ఉండేవారికి కొంత ఉపశమనం ఇస్తుందని యూరప్ దేశాలలో దీన్ని సంప్రదాయపు మందుగా అనుమతించారు. కొలెస్టరాల్ విషయంలోనూ పరీక్షలు జరిగాయి. 2000లో ప్రకటించిన ఒక జర్మన్ పరీక్షలో 143 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 1800 మిల్లీగ్రాముల ఆకు సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఆరు వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవారికి కొలెస్టరాల్ 18.5 శాతం తగ్గింది. బాగానే ఉన్నదే అంటారు మీరు. ఉత్తుత్తి మాత్ర మింగినవారికి కూడా 8.6 శాతం తగ్గింది! అందుచేత ఆకు పని ఆ రెండింటికీ ఉన్న తేడా మాత్రమే. ఆ తరువాత ఇలాంటి పరీక్షలన్నీ వడపోసి, నమ్మదగినవి మూడు, మొత్తం 262 మంది మీద చేసినవి తీసుకుని 2013లో కాక్రేన్ సంస్థవారు సమీక్షించారు. కొలెస్టరాల్ కొద్దిగా తగ్గే సూచన ఉన్నది గాని, చికిత్సగా సిఫారసు చేయటానికి ఈ ఆధారం చాలదని తేల్చారు. డాక్టరు వ్రాసిన కొలెస్టరాల్ మాత్ర మానేసి దీన్ని వేసుకోవటం ఎంతమాత్రం తగదు.

ఇక రాళ్ళు. లివరు రోజుకు అర లీటరునుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత చిక్కబడి పిత్తాశయమనే చిన్న సంచిలో నిలవ ఉంటుంది. మనం నెయ్యి, నూనె, వెన్న తిన్నప్పుడు ఆ సంచి బిగుసుకుని రసాన్ని సన్నని గొట్టం గుండా పేగులోకి నెడుతుంది. రసంలో కొలెస్టరాల్ ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా, లోపల గసికట్టి రాళ్ళవుతాయి. ఆడవారిలో, కాన్పులు అయినవారిలో, లావుగా ఉన్నవారిలో, హఠాత్తుగా బరువు తగ్గినవారిలో ఎక్కువ. రాయి సంచిలో కదలకుండా కూర్చున్నంతకాలం బాధ లేదు. సంచి బిగుసుకున్నప్పుడు అది వచ్చి గొట్టం మూతికి అడ్డం పడితేనే నొప్పి. ఈమెకు పెళ్ళిభోజనం రాత్రి, బూరెల రోజున నొప్పి రావటానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. దారికి అడ్డంగా రాయి ఉన్నప్పుడు వెనకనుంచి ప్రవాహం పెంచే మందు వేస్తే ఏమవుతుంది? చిన్న రాయి గొట్టంలోకి జారి అక్కడ ఇరుక్కోవచ్చు. అప్పుడు కామెర్లు రావచ్చు, చీముపట్టి చలిజ్వరం రావచ్చు, పక్కనే ఉన్న క్లోమగ్రంథి వాచి ప్రాణాపాయం కావచ్చు. అందుకే యూరప్‌లో ఈ ఆకు మందుకు ఇచ్చిన అనుమతిలోనే, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, పైత్యనాళం మూసుకున్నవారు, లివరు వాపు ఉన్నవారు దీన్ని వాడరాదని స్పష్టంగా వ్రాశారు. మన ఉత్తరం తల్లికి వేసుకోమని ఇచ్చినది సరిగ్గా ఎవరు వేసుకోకూడదో వారికి ఇచ్చిన మందన్నమాట! అమెరికాలో ఇటువంటి సీసాలను మందుగా కాక ఆహారపు అనుబంధంగా అమ్ముతారు. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం, అమ్మేముందు అది పనిచేస్తుందని ప్రభుత్వం ముందు రుజువు చేయనక్కరలేదు. సీసా అందంగా ఉన్నది, అమెరికాది అనే నమ్మకంతో మింగకండి.

మరి ఆ తెలుగావిడ అబద్ధం చెప్పిందా? అలా అనను. ఈ రాళ్ళ నొప్పి స్వభావమే అంత. ఒకసారి వచ్చి నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి జాడ ఉండదు. ఆ వ్యవధిలో ఏది మింగితే దానికి పేరు వస్తుంది. కొండపిండి ఆకు రసం కావచ్చు, నిమ్మరసం కావచ్చు, ఆర్టిచోక్ కావచ్చు. మళ్ళీ స్కానింగ్ తీయించి చూసుకునేవారు అరుదు. రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

రాళ్ళను కరిగించే మందు అసలు లేదా అంటే, ఉన్నది. అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం. కాని అది చిన్నవైన కొలెస్టరాల్ రాళ్ళకే, సంచి బాగా పనిచేస్తున్నవారికే. నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ళు వాడాలి. కరిగినా, మందు ఆపిన అయిదేళ్ళలో దాదాపు సగంమందికి మళ్ళీ వస్తాయి. అందుచేత నొప్పి వచ్చినవారికి ఆపరేషనే మేలు. పాతకాలంలో పొట్ట జానెడు కోసేవారు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జను చిన్న రంధ్రాలగుండా పిత్తాశయాన్ని తీశాడు. ఇప్పుడు మన జిల్లా కేంద్రాలలో కూడా ఆ పద్ధతిలోనే చేస్తున్నారు. చిక్కులేవీ లేకపోతే ఒకటి రెండు రోజులలో ఇంటికి వస్తారు. సంచి లేకపోయినా లివరు రసం తయారుచేస్తూనే ఉంటుంది. అన్నం అరగదేమోనన్న భయం వద్దు. ఇంకొక మాట. వేరే దేనికో స్కానింగ్ తీస్తే రాళ్ళు బయటపడి, ఒక్కసారి కూడా నొప్పి రానివారికి సాధారణంగా ఆపరేషన్ అక్కరలేదు. వారు భయపడిపోయి పరుగెత్తకూడదు.

ఆమెకు నేను వ్రాసినది ఇది. అమ్మా, ఆ సీసా మూతపెట్టి పక్కన పెట్టేయండి. నొప్పి సంగతి కూతురికి చెప్పండి, బాలింతను కంగారుపెట్టటం ఎందుకని దాచకండి. స్కానింగ్ రిపోర్టు ఊళ్ళో ఉంటే ఫోటో తీయించి తెప్పించుకోండి. నొప్పి అయిదు గంటలు దాటి తగ్గకపోయినా, చలితో జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం కాఫీరంగులోకి మారినా, వాంతులు ఆగకపోయినా, తెల్లవారనిద్దామనుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. ఖర్చు మాట అల్లుడు చూసుకుంటాడు. తిరిగివచ్చిన నెలలోపల ఆపరేషన్ చేయించుకోండి. పొద్దంతా పస్తుండి రాత్రి ఒకేసారి నేతివంటలు తినటం ఈ జబ్బుకు విరోధం. వేళకు, కొద్దికొద్దిగా తినండి. కూర మాత్రం నొప్పి లేని రోజులలో కొద్దిగా తినవచ్చు. మీకు హాని చేసేది ఆ మొగ్గ కంటె పక్కన పెట్టే వెన్న గిన్నె. తిన్నాక నొప్పి అనిపిస్తే మానేయండి.

మన దేశంలో దీనికి సమానమైనది ఏదన్నారు గదా, తినే తీరు, శ్రమ, కాస్త వగరు చూస్తే అరటిపువ్వే దీని చుట్టం. అదీ పువ్వే, అదీ ఒక్కొక్క రేకా విప్పవలసిందే, కోస్తే రెండూ నల్లబడతాయి. పీచు కోసమైతే గోరుచిక్కుడు, చిక్కుడు, మునగాకు, తోటకూర ఏవైనా సరే. ఫోలేటుకు పప్పుకూర చాలును.

వండే పద్ధతి ఇది. మొగ్గ కాడ, పై ముళ్ళకొసలు కత్తిరించి, నల్లబడకుండా నిమ్మరసం పిండిన నీళ్ళలో వేయండి. అరటిపువ్వును మజ్జిగలో వేసినట్టే. అరగంటనుంచి ముప్పావుగంట ఉడికితే అడుగు రేక లాగితే ఊడి వస్తుంది. అది గుర్తు. రేకల కండ చెంచాతో గీరి తీసి, దిమ్మను చిన్న ముక్కలుగా కోసి, పొడిపొడిగా ఉడికించిన పెసరపప్పుతో కలిపి, ఒక చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టండి. కొబ్బరి వేయకండి, ఆపరేషన్ అయ్యేదాకా. దిమ్మ మీద ఉండే నూగును మాత్రం ఒక్క పోగు లేకుండా గీరి పారేయండి.